ఆశించిన జవాబు

ప్రతి హైస్కూల్లోనూ ఒక ప్లాన్ మాస్టారుంటారు. బదిలీల్లో మనుషులు మారతారు గానీ ఆ పోస్టు ఖాళీ ఉండగా నేను చూడలేదు. గుర్తుపట్టడం తేలిక. జేబులో నీలం, ఎరుపు, ఆకుపచ్చ పెన్నులు, చంకలో అట్ట వేసిన పొడుగు నోటుబుక్కు, అందులోంచి తొంగిచూసే స్కేలు. జూన్ 12న బడి తెరిచి మిగతావాళ్లం ఆవకాయ కబుర్లలో ఉండగానే ఆయన వార్షిక ప్రణాళిక హెడ్మాస్టరుగారి బల్ల మీదికి సంతకానికి వెళ్లిపోతుంది. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు ఏడాదికి కనీసం 220 పనిదినాలు ఉండాలని విద్యాహక్కు చట్టం అంది కదా, ఆయన ఆ 220 రోజులకీ పాఠాలు సర్దేస్తారు. తుఫానుకు ఒక్క రోజు వదలరు, ఎలక్షన్ డ్యూటీకీ వదలరు. వాయుగుండం పడి కలెక్టరుగారు సెలవు ప్రకటిస్తే బడిలో అందరూ సంతోషిస్తారు, ఆయన మాత్రం తన పాఠాన్ని ఎవరో ఎత్తుకుపోయినట్టు తిరుగుతారు.

మా ప్లాన్ మాస్టారు చెప్పేది సైన్సు. ఆయన పీరియడ్ ప్లాను చూడ్డానికి పక్క మండలం నుంచి కూడా వస్తారు. చూడ్డానికంటే ఫొటో తీసుకోడానికి అనాలి. సాయంత్రానికల్లా అది వాట్సాప్ గ్రూపుల్లో పీడీఎఫ్‌గా తిరుగుతుంది. ఒకసారి మెట్ట ప్రాంతంలోని బడికి తనిఖీకి వెళ్లిన అధికారికి అక్కడి ప్లానులో ‘విద్యార్థులను మన ఊరి కాలువ గట్టుకు తీసుకువెళ్లుట’ అని కనిపించిందట. ఆ ఊళ్లో కాలువే లేదు. అది మా కాలువ.

ఆ ప్లానులో లేని గడి లేదు. జర్మనీ తత్వవేత్త హెర్బార్ట్ 1841లో పోయాడు. ఆయన ఆలోచనల్ని అనుయాయులు ఐదు సోపానాలుగా కట్టారు: సన్నాహం, సమర్పణ, సంసర్గం, సాధారణీకరణం, అన్వయం. బీఈడీ కాలేజీలో ఆ మెట్లెక్కిన మా మాస్టారు ఇంతవరకు దిగలేదు. తర్వాత 1956 నాటి బ్లూమ్ లక్ష్యాలొచ్చాయి, నిరంతర సమగ్ర మూల్యాంకనం వచ్చింది, విద్యాప్రమాణాలు వచ్చాయి, అభ్యసన ఫలితాలు వచ్చాయి. వచ్చినప్పుడల్లా ఆయన ఒక గడి చేర్చారే తప్ప పాతది తీసెయ్యలేదు. ఇప్పుడు పేజీ చాలక నోటుబుక్కు అడ్డంగా తిప్పి రాస్తున్నారు. ఉపాధ్యాయ కృత్యం ఒక నిలువు గడి, విద్యార్థి కృత్యం ఇంకోటి, నల్లబల్ల పని మరోటి. చివర్లో నిమిషాలు.

బ్లూమ్ భాష ఒంటికి పట్టేసింది కూడా. విద్యార్థి గుర్తిస్తాడు, పోలుస్తాడు, వర్గీకరిస్తాడు, కారణాలు చెబుతాడు. ఓసారి భోజనానికి వాళ్లింటికెళితే ఆవిడ వడ్డిస్తూ అన్నారు: “అన్నయ్యగారూ, ఈయన కూరలో ఉప్పు తగ్గితే గుర్తిస్తారు, వాళ్లమ్మగారి కూరతో పోలుస్తారు, కారణాలు కూడా చెబుతారు. తిన్న కంచం మాత్రం తియ్యరు.” ఆయన నవ్వలేదు. “కంచం తియ్యడం మానసిక చలనాత్మక రంగం కిందికొస్తుంది” అన్నారు.

అయితే ఆయన ప్రతిభంతా విద్యార్థి కృత్యం అనే గడిలోనే ఉంది. పిల్లలు ఏం చెప్పాలో ఆదివారం రాత్రే రాసేస్తారు. ఏడో తరగతికి ఆమ్లాలు–క్షారాలు పాఠం చూడండి. నిమ్మకాయ రుచి ఎలా ఉంటుంది? ఆశించిన జవాబు: పుల్లగా ఉంటుంది సార్. పుల్లగా ఉండేవి ఇంకా ఏమున్నాయి? చింతపండు, మజ్జిగ సార్. వీటన్నిటికీ ఆ పులుపు దేనివల్ల వచ్చింది? ఇక్కడ ఆశించిన జవాబు: తెలియదు సార్. ఇదే కీలకం. పిల్లలు తెలియదంటేనే ఆయన గుండె నిండా గాలి పీల్చుకుని “అయితే ఈరోజు మనం ఆమ్లాల గురించి తెలుసుకుందాం” అని బోర్డు మీద శీర్షిక రాయగలరు. ఒక ఏడాది, ట్యూషన్‌కి వెళ్లే పిల్లాడొకడు మూడో ప్రశ్నకి ఠక్కున “ఆమ్లం సార్” అన్నాడు. మాస్టారు సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడిపోయారు. “నువ్వు కాదు. మిగతావాళ్లు చెప్పండి, తెలుసా తెలియదా?” మిగతావాళ్లు మర్యాదగా తెలియదన్నారు. పాఠం ముందుకు కదిలింది.

ఆ రోజు నేను వెనక బెంచీలో ఉన్నాను. తరగతి పరిశీలనకు హెడ్మాస్టరుగారే రావాలి. మధ్యాహ్న భోజనం కోడిగుడ్ల లెక్క తేలక, తెలుగు చెప్పుకునే నన్ను పంపారు. నిజం చెప్పొద్దూ, మొదటి పది నిమిషాలూ ముచ్చటేసింది. పసుపు పూసి ఎండబెట్టిన కాగితం ముక్కలు పిల్లలందరికీ అందాయి. మందార పూల రసం ఒక సీసాలో, సున్నపు తేట ఇంకో సీసాలో, సబ్బునీళ్లు మరోదాంట్లో, అన్నిటికీ పేర్లు అంటించి ఉన్నాయి. ప్లాను రాయని మాస్టర్లనీ నేనెరుగుదును. “ఎవరిదైనా పుస్తకం ఇలా ఇవ్వండ్రా, నిన్న ఎక్కడ ఆపాం?” అంటూ లోపలికొచ్చి, ఆపిన చోటు దొరికేలోపు గంట కొట్టించుకునే మహానుభావులు. వాళ్ల తరగతిలో మందారం కొమ్మ మీదే ఉంటుంది. నీ పిల్లల్ని ఎవరి దగ్గర కూర్చోబెడతావని అడిగితే ఆలోచించకుండా ప్లాన్ మాస్టారి దగ్గరే అంటాను.

పద్నాలుగో నిమిషంలో సున్నపు తేటలో ముంచిన పసుపు కాగితం ఎర్రబడింది. ప్లాను ప్రకారం ఇక్కడ విద్యార్థి కృత్యం ‘ఆశ్చర్యంతో పరిశీలిస్తారు’. అందరూ పరిశీలిస్తుండగా రెండో బెంచీ పిల్ల లేచింది.

“సార్, మా నాయనమ్మ పెళ్లిళ్లలో హారతికి ఎర్రనీళ్లు ఇట్టాగే చేసుద్ది సార్. పసుపు నీళ్లలో సున్నం కలిపితే ఎర్రగా అయిపోతాయి.”

నాకు ఒళ్లు జలదరించింది. ఎన్ని పెళ్లిళ్లలో ఆ పళ్లెం చూశాను, ఏనాడూ తట్టలేదు. మాస్టారు నోటుబుక్కులోకి చూశారు, వాచీ చూశారు, నెమ్మదిగా అన్నారు: “కూర్చోమ్మా. అది అన్వయం. ముప్పై ఒకటో నిమిషంలో వస్తుంది.”

పిల్ల కూర్చుంది. వెనకనుంచి ఇంకొకడు, “దాంట్లో నిమ్మకాయ పిండితే మళ్లీ పసుపైపోద్ది సార్” అన్నాడు. వాణ్ణయితే ఆయన జాలిగా చూశారు. “అది తటస్థీకరణం. రేపటి పీరియడ్.”

ముప్పై ఒకటో నిమిషం రానే వచ్చింది. “నిత్యజీవితంలో ఈ మార్పును మీరు ఎక్కడ గమనించారు?” ఎవరూ పలకలేదు. రెండో బెంచీ పిల్ల తన కాగితాన్ని చిన్న పడవ చేసుకుంటోంది. చివరికి జవాబు ఆయనే చెప్పుకున్నారు: బట్ట మీద పసుపు మరకకు సబ్బు రాస్తే ఎర్రబడటం. ప్లానులో ఉన్నది అదే. మిగిలిన నిమిషాలు మూల్యాంకనానికి సరిపోయాయి, గంట కొట్టారు.

ఆ ప్లానులో ‘పూర్వజ్ఞానం’ అని ఒక గడి ఉంది. ఈ పాఠం మొదలెట్టక ముందే పిల్లలకు ఏం తెలుసో అక్కడ రాయాలి. దాని సంగతి ముందు తేల్చుకుని తర్వాతే బోధించాలని డేవిడ్ ఆసుబెల్ అనే మనస్తత్వవేత్త 1968లోనే గట్టిగా చెప్పాడు. ఆసుబెల్ పేరు మాస్టారికి కంఠతా వచ్చు. ఆ గడిలో ఏం రాశారా అని చూశాను: ‘విద్యార్థులకు పులుపు తెలుసు.’

చివరి గడి ‘ఉపాధ్యాయుని ప్రతిస్పందన’. పాఠం చెప్పాక అది ఎలా జరిగిందో రాయాల్సింది. అక్కడ ‘విద్యార్థులు ఉత్సాహంగా పాల్గొన్నారు. అందరూ లక్ష్యాలను సాధించారు’ అని ముచ్చటైన చేతిరాత. సిరా ఎప్పటిదో. “ఇది ఎప్పుడు రాశారండీ?” అన్నాను. “ఆదివారమే. లేకపోతే సోమవారం టైమెక్కడిదండీ? హాజరు యాప్‌లో పెట్టాలి, భోజనం లెక్క యాప్‌లో పెట్టాలి, ఫొటోలు ఎక్కించాలి” అన్నారు. ఇందులో నేను నవ్వడానికేమీ దొరకలేదు. సిద్ధపడే సమయంతో కలిపి మాస్టరు వారానికి 45 గంటలు పనిచెయ్యాలని అదే విద్యాహక్కు చట్టంలో ఉంది. ఆ సిద్ధపడే వేళ ఎవరి ఫోనులోకి పోయిందో అందరికీ తెలుసు. నా ప్రతిస్పందనలూ ఆదివారం నాటివే.

అలాగని ఆయన ఆ పిల్ల మాట వినలేదనుకుంటే పొరపాటు. మరుసటి జూన్‌లో కొత్త ప్లాను సంతకానికొచ్చినప్పుడు పేజీ తిప్పి చూశాను. పద్నాలుగో నిమిషం అలాగే ఉంది. ముప్పై ఒకటో నిమిషం ఎదురుగా, విద్యార్థి కృత్యం గడిలో, ఆకుపచ్చ సిరాతో కొత్త వాక్యం: ‘ఒక బాలిక హారతి ఎర్రనీళ్ల గురించి చెబుతుంది.’

ఆ పాఠం రోజున నేను పక్క గదిలో ఎనిమిదో తరగతికి సంధులు చెబుతున్నాను. గోడ పల్చన. “నిత్యజీవితంలో ఈ మార్పును మీరు ఎక్కడ గమనించారు?” అని వినబడింది. నిశ్శబ్దం. “ఆలోచించండి. పెళ్లిళ్లలో? హారతి పళ్లెంలో?” మళ్లీ నిశ్శబ్దం. కాసేపటికి ఏడో తరగతి కుర్రాడొకడు రొప్పుతూ నా గుమ్మంలోకొచ్చాడు. “సార్, రెండో బెంచీ అక్కని సైన్సు సారు ఒక్క నిమిషం పంపమన్నారు.”

పంపాను. రెండు నిమిషాల్లో తిరిగొచ్చింది.

“ఏమన్నారమ్మా?”

“ఎర్రనీళ్ల సంగతి చెప్పమన్నారు సార్.”

“చెప్పావా?”

“మొదట ఆగమన్నారు సార్. ముప్పై ఒకటి అయ్యాక చెప్పమన్నారు.”