లోన్ ఏజెంట్లను సంపాదించుకోవడం ఎలా?

మన్సూరాబాద్‌లో టూ బీహెచ్‌కే ఫ్లాట్ వెతుకుతున్నారా? ఇల్లు దొరికేలోపు బోరు కొట్టకుండా ఉండాలంటే, పొద్దున్నే "సార్, హోమ్‌లోన్ ఏమన్నా చూస్తున్నారా?" అని పలకరించే గొంతులు పదైనా ఉండాలి. అందుకు కొన్ని చిట్కాలు.

1. నంబర్ దాచుకోకండి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఏ షాపింగ్ మాల్‌లోనో లక్కీ డ్రా డబ్బా కనబడితే స్లిప్పు నింపేయండి. "ఇల్లు కొనే ఆలోచన ఉందా?" దగ్గర టిక్కు, "బడ్జెట్" దగ్గర 70 లక్షలు, "నెల జీతం" దగ్గర అచ్చమైన నిజం. కుక్కర్ తగలకపోయినా ఫోన్ మోగడం ఖాయం.

2. డీఎన్‌డీని నీరుగార్చండి. ఎప్పుడో 1909కి ఫోన్ చేసి, ప్రచారం కాల్స్ రాకుండా డీఎన్‌డీ పెట్టించుకున్నా దిగులు పడొద్దు. వడ్డీ రేట్లు పోల్చి చూపే ఏదో ఒక సైటులోకి వెళ్లండి. "మా భాగస్వాములు నన్ను సంప్రదించవచ్చు" అన్న చిన్న అక్షరాల పక్కన చదవకుండా టిక్కు పెట్టండి. మీరే అనుమతి ఇచ్చాక డీఎన్‌డీ ఎవరిని ఆపుతుంది? ఆ అనుమతిని వెనక్కి తీసుకునే వీలు కూడా టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నిబంధనల్లో ఉంది. కానీ ఇచ్చిన మాట తప్పే వంశమా మనది?

3. ఫిర్యాదు చేసి ఎవరి పొట్టా కొట్టకండి. ప్రచారం కాల్స్ 140తో, లావాదేవీల కాల్స్ 1600తో మొదలయ్యే నంబర్ల నుంచే చేయాలని రిజర్వ్ బ్యాంక్ 2025 జనవరిలో చెప్పింది. మామూలు పదంకెల నంబర్ నుంచి చేసేవాడు పాపం ఏదో కష్టపడుతున్నాడు. ఫిర్యాదుకు ఏడు రోజుల గడువుంది కనుక ఎనిమిదో రోజు గుర్తు తెచ్చుకోండి. అలాంటి నంబర్ మీద పది రోజుల్లో ఐదు ఫిర్యాదులు పడితే చర్య తీసుకుంటారు. ఆ ఐదో మనిషి మీరు కాకండి.

4. పాన్ కార్డు పంచిపెట్టండి. "ఊరికే ఎలిజిబిలిటీ చూస్తాం సార్" అనగానే పాన్, ఆధార్, పే స్లిప్పులు, బ్యాంక్ స్టేట్‌మెంట్ వాట్సాప్‌లో పెట్టేయండి. అడిగిన ప్రతివాళ్లకూ పెట్టండి. తలా ఒక బ్యాంకులో మీ పేరు మీద అప్లికేషన్ పడేస్తారు. వరసబెట్టి ఎంక్వైరీలు పడితే సిబిల్ స్కోరు తగ్గొచ్చు, తగ్గనివ్వండి. మీ క్రెడిట్ రిపోర్టు ఎవరైనా తీస్తే మీకు ఎస్సెమ్మెస్ గానీ ఈమెయిల్ గానీ పంపాలని రిజర్వ్ బ్యాంక్ 2023లో ఆదేశించింది. దాన్ని పాత ఓటీపీలతో కలిపి డిలీట్ చేయండి.

5. ఈఎంఐ ఒక్కటే అడగండి. 2024 అక్టోబర్ నుంచి కొత్త రిటైల్ రుణాలకు వడ్డీ, ఫీజులు అన్నీ కలిపి ఏడాదికి ఎంత శాతం పడుతుందో ఒక్క అంకెలో చూపే కాగితం ఇవ్వాలి. దాని జోలికి పోవద్దు. 50 లక్షలు 8.5 శాతానికి 20 ఏళ్లకు తీసుకుంటే ఈఎంఐ సుమారు 43,400. "30 ఏళ్లు చేస్తే 38,450 చాలు సార్" అనగానే సంతకం పెట్టేయండి. నెలకు ఐదు వేలు మిగిలినట్టే. మొత్తం మీద అదనంగా కట్టేది 34 లక్షల పైచిలుకే కదా!

6. "ప్రీ అప్రూవ్డ్" అన్నారంటే ఇంటి కాగితాలు కూడా క్లియర్ అన్నట్టే. వాళ్లు చూసింది మీ జీతం, ఇంటి టైటిల్ కాదు. అయినా ఆ తేడా మనకెందుకు? ఎల్బీనగర్ వైపు రిజిస్ట్రేషన్లు ఆగిపోయి, 2022లో జీవో 118 వచ్చేదాకా ఎదురుచూసిన కాలనీల వాళ్లు ఈసీ తీయించు, లింకు డాక్యుమెంట్లు అడుగు, 22ఏ నిషేధిత జాబితా చూడు అని చెవినిల్లు కట్టుకుని పోరుతారు. అదంతా వాళ్ల చాదస్తం.

7. అమెరికాను చూసి బుద్ధి తెచ్చుకోకండి. అక్కడ హోమ్‌లోన్‌కు అప్లై చేయగానే క్రెడిట్ బ్యూరోలు ఆ కబురును వేరే అప్పులవాళ్లకు అమ్ముకునేవి. అడగని ఆఫర్లతో ఫోన్లు హోరెత్తేవి. ఆ అమ్మకాన్ని చాలావరకు కట్టడి చేస్తూ 2025 సెప్టెంబర్‌లో చట్టం చేశారు, 2026 మార్చి నుంచి అమలు. ఇకపై డల్లాస్‌లో ఇల్లు కొనే మన పిల్లలకు ఆ సందడి అంతగా ఉండదు. మనకు మాత్రం ఏ చట్టం వచ్చినా భయం లేదు. అక్కడ బ్యూరోలు డబ్బుకు అమ్మిన కబురును ఇక్కడ మనమే స్లిప్పు మీద రాసి, సంతకం పెట్టి, ఉచితంగా ఇస్తున్నాం.