డబ్బా డాక్టరు గారు

మా వీధిలో ఎవరు తుమ్మినా మూర్తిగారికి వినబడుతుంది. "జలుబా? గొంతు గరగరా? ఉండమ్మా" అంటూ లోపలికెళ్లి పాత మిఠాయి డబ్బా పట్టుకొస్తారు. అందులో నిండు స్ట్రిప్పు ఒక్కటీ ఉండదు. మూడు బిళ్లల అజిత్రోమైసిన్‌లో మిగిలిన ఒకటి, మరదలి పంటినొప్పి తాలూకు అమాక్సిసిలిన్ నాలుగు. ఫ్రిజ్‌లో మనవడి సెఫిక్సిమ్ సీసా వేరే. నీళ్లు కలిపాక రెండు వారాలకు మించి ఉంచకూడని ఆ మందు సంక్రాంతి నుంచీ అక్కడే ఉంది.

డాక్టరు అయిదు రోజులకు రాస్తే మూర్తిగారికి రెండో రోజే జ్వరం దిగుతుంది. దిగాక బిళ్లెందుకు దండగ? డబ్బాలోకి పోతుంది. ఆయనేం అమ్ముకోరు పాపం, దానమే. "పొద్దున సగం, రాత్రి సగం. వేడి చేస్తుంది, మజ్జిగ తాగు." జలుబు వైరస్‌తో వచ్చేది, దానికి యాంటీబయాటిక్ పనిచేయదండీ అంటే, "మరి మీ వదినకు నాలుగు రోజుల్లో తగ్గలేదూ?" అంటారు. వేసుకోకపోయినా తగ్గేదే అని ఆయనతో ఎవరనగలరు?

నిజానికి మూర్తిగారి బొమ్మ 1945లోనే గీసేశారు. పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్ తన నోబెల్ ఉపన్యాసంలో ఓ పెద్దమనిషిని ఊహించి చెప్పాడు. గొంతునొప్పికి తనే పెన్సిలిన్ కొనుక్కుని చాలీచాలకుండా వేసుకుంటాడు. చావని క్రిములు రాటుదేలి భార్యకు అంటుకుంటాయి. ఆమెకు పెన్సిలిన్ పనిచేయదు, చనిపోతుంది. ఇప్పుడది ఊహ కాదు. మందులకు లొంగని బాక్టీరియా వల్ల 2019లో ప్రపంచంలో నేరుగా 12.7 లక్షల మంది పోయారని అంచనా. ఈ లెక్క చెబితే మూర్తిగారు నిట్టూర్చారు. "అయ్యో, వాళ్ల వీధిలో చెప్పేవాడు లేడు కాబోలు."

స్ట్రిప్పు మీద నిలువు ఎర్రగీత ఉంటే చీటీ లేకుండా వాడకూడదని సర్కారు ఎంత ప్రచారం చేసినా, ఆయన దృష్టిలో అది అసలు సరుకుకు గుర్తు.

ఈమధ్య మూత్రంలో మంటని ఆయనకే కల్చర్ పరీక్ష చేశారు. క్రిమి లొంగే మందు పక్కన ఎస్ అనీ, లొంగనిదాని పక్కన ఆర్ అనీ ల్యాబువాళ్లు రాస్తారు. ఆయన రిపోర్టులో పైనుంచి కిందిదాకా ఇంచుమించు అన్నీ ఆర్‌లే. దాన్ని మెడికల్ షాపు బల్ల మీద పరిచి, ఒక్కో ఆర్ మీదా వేలితో కొడుతూ కుర్రాడితో అన్నారు: "చూడరా, ఎన్ని రికమెండ్ చేశారో! వీటిలో చవకది చూసి రెండు బిళ్లలియ్యి."