జెనీవాలో సమన్వయం, మొగలో పాదరసం

రసాయనాల నుంచి మనుషుల్ని కాపాడే బాధ్యతను తొమ్మిది అంతర్జాతీయ సంస్థలు పంచుకున్నాయి. ఆరోగ్య సంస్థ, కార్మిక సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థ, ఐక్యరాజ్య సమితి పర్యావరణ విభాగం, పారిశ్రామికాభివృద్ధి సంస్థ, అభివృద్ధి కార్యక్రమం, శిక్షణ పరిశోధన సంస్థ, ప్రపంచ బ్యాంకు, సంపన్న దేశాల ఓఈసీడీ. ఇందరు ఒకే పనికి దిగితే ఒకరి కాలు ఒకరు తొక్కుకోవడం ఖాయం కనుక, అలా జరగకుండా చూడ్డానికి 1995లో జెనీవా కేంద్రంగా ఐఓఎంసీ అనే ఏర్పాటు పుట్టింది. కాళ్లు తొక్కుకోకుండా నడవడం బాగా వచ్చింది. ఎటు నడవాలన్నది మరో సమావేశం ఎజెండాలో ఉంటుంది.

గడువుల సంగతి చూడండి. 1992 రియో సదస్సు తన కార్యాచరణ పత్రంలో 19వ అధ్యాయమంతా విష రసాయనాలకే కేటాయించింది. 2002లో జొహానెస్‌బర్గ్ సదస్సు, 2020 నాటికి రసాయనాల వల్ల కలిగే కీడును కనిష్ఠానికి తెస్తామంది. 2006లో దుబాయ్‌లో దానికో వ్యూహం తయారైంది. ఇష్టముంటేనే పాటించే వ్యూహం. 2020 వచ్చింది, కీడు తగ్గలేదు, సదస్సు కూడా కరోనా వల్ల జరగలేదు. 2023 సెప్టెంబరులో బాన్‌లో అందరూ కలిసి 28 కొత్త లక్ష్యాలు రాసుకున్నారు. చాలావాటి గడువు 2030, 2035. ఇదీ ఇష్టముంటేనే. పరీక్ష రోజున హాల్‌టికెట్ చింపేసి, పైతరగతికి ఫీజు కట్టిన విద్యార్థి ధీమా ఇది.

ఆ 2020లోనే, మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం శివారు ఆర్.ఆర్.వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీద పడింది. పన్నెండు మంది పోయారు. స్టైరీన్ పీల్చితే ఏమవుతుందో, ఏం చేయాలో చెప్పే భద్రతా కార్డును ఆరోగ్య సంస్థ, కార్మిక సంస్థ ఉమ్మడిగా ఎప్పుడో సిద్ధం చేశాయి. కార్డు ఉంది. కర్మాగారంలో సైరన్ కూడా ఉంది. మోగించినవాళ్లే లేరు.

అక్కడి నుంచి తీరం వెంట ఉత్తరానికి వెళితే ఒడిశాలోని గంజాం. రుషికుల్య నది సముద్రంలో కలిసేచోట, మొగ పక్కనే, 1967లో జయశ్రీ కెమికల్స్ కాస్టిక్ సోడా కర్మాగారం మొదలైంది. ఉప్పునీటిలోకి కరెంటు పంపి సోడా, క్లోరిన్ తీయడం దాని పని. ఆనాటి పద్ధతిలో పాదరసమే ఒక ఎలక్ట్రోడు. అది తిరిగి తిరిగి వాడుకోగల సరుకు కనుక ఖర్చు కాకూడదు. కానీ మురుగునీటితో కొంత, ఉప్పు మడ్డితో కొంత, హైడ్రోజన్ వాయువుతో కొంత జారిపోతూనే ఉంటుంది. నీటి అడుగు బురదలో సూక్ష్మజీవులు దాన్ని మిథైల్ పాదరసంగా మారిస్తే, అది చేపలోకీ, చేపతోపాటు కంచంలోకీ చేరుతుంది. జపాన్‌లోని మినమాటలో అలాంటి చేప తిని వచ్చే జబ్బు 1956లోనే బయటపడింది. ఆ దేశపు కాస్టిక్ సోడా కర్మాగారాలు 1986కల్లా పాదరసాన్ని వదిలేశాయి. మన పర్యావరణ మంత్రిత్వ శాఖ, పరిశ్రమలు కలిసి 2003లో ఒక ఒప్పందానికొచ్చి, 2012 దాకా వ్యవధి పెట్టుకున్నాయి. అంత తొందర దేనికనుకున్నారు కాబోలు.

మొగలో ఏముందో తేల్చింది జెనీవా కాదు, బరంపురం. ఆ కర్మాగారం పుట్టిన ఏడే పుట్టిన బరంపురం విశ్వవిద్యాలయం పరిశోధకులు 1980లలో, 90లలో అక్కడి నీరు, బురద, గడ్డి, పొలం మన్ను పట్టుకెళ్లి పరీక్షించారు. పాదరసం దొరికింది. అది జీవకణాల్లో జన్యుపదార్థాన్ని ఎలా పాడుచేస్తుందో ఉల్లి వేళ్ల మీద, బార్లీ మొక్కల మీద చూపించారు. ఆ వ్యాసాలు విదేశీ పత్రికల్లో అచ్చయ్యాయి. అంటే గంజాం బురద సంగతి ఆమ్‌స్టర్‌డామ్ గ్రంథాలయానికి ఇంగ్లిషులో చేరింది. మొగలో వల వేసే తెలుగు నోలియా జాలరికి తెలుగులోనో ఒడియాలోనో చేర్చే పని ఏ సంస్థ వాటాలోనూ పడలేదు.

స్థానికంగానూ తొమ్మిదికి తక్కువేం లేదు. గుడ్లు పెట్టడానికొచ్చే ఆలివ్ రిడ్లే తాబేలు అటవీ శాఖది. వలలో చిక్కిన చేప మత్స్య శాఖది. గోడ లోపలి కార్మికుడు ఫ్యాక్టరీల తనిఖీ శాఖకు చెందుతాడు. గొట్టం దాటిన నీరు కాలుష్య నియంత్రణ మండలిది. అడుగు బురద ఎవరిదని అడిగితే ఫైలు ఛత్రపురం కలెక్టరేట్‌కు బయల్దేరుతుంది.

బరంపురంలో పుట్టిన తెలుగువాడు వి.వి.గిరి 1927లోనే భారత కార్మికుల ప్రతినిధిగా జెనీవాలో కార్మిక సదస్సుకు వెళ్లారు. ఆ కార్మిక సంస్థే 1990లో 170వ ఒప్పందం తెచ్చింది: తాను ముట్టుకునే రసాయనం ఏమిటో తెలుసుకునే హక్కు, ప్రాణం మీదికొస్తే పని వదిలి బయటికి నడిచే హక్కు కార్మికుడికి ఉండాలని. భారత్ దాన్ని ఆమోదించలేదు. పెద్ద ప్రమాదాల నివారణకు చేసిన 174వ ఒప్పందాన్ని మాత్రం 2008లో ఆమోదించింది. వెంకటాపురం ఆ తర్వాతే.

అన్ని ఒప్పందాలనూ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. 2013లో కుదిరిన మినమాటా ఒప్పందానికి పళ్లున్నాయి. చట్టబద్ధంగా కట్టిపడేస్తుంది. కాస్టిక్ సోడా తయారీలో పాదరసానికి 2025తో చెల్లుచీటీ రాసింది. భారత్ 2018లో ఆమోదించింది. గంజాం కర్మాగారమూ పాదరసం వదిలి మెంబ్రేన్ పద్ధతికి మారింది. యంత్రం మారింది సరే, అప్పటికే జారిపోయిన పాదరసం మాటేమిటి? దానికి 12వ అధికరణం ఉంది. కలుషిత స్థలాలను గుర్తించి అంచనా వేసే వ్యూహాలకు దేశాలు ప్రయత్నించాలంటుంది. గడువు తేదీ రాయలేదు.