ఉప్పల్ చీటీకి టీక

అవతారిక: నాచారంలో మా వంటగదికి వేసిన షాబాదు బండలు లేపేసి టైల్స్ వేయించాలని ఇంట్లో తీర్మానమైన పిమ్మట, ఉప్పల్ దాటాక వరంగల్ రోడ్డు మీది ఒక దుకాణంలో ఈ చీటీ పుట్టినది. కర్త కౌంటరు వెనక కూర్చున్నాయన. దారిలో హబ్సిగూడ దాటగానే జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ వస్తుంది. 1961 నుంచి భూమి అడుగున ఏముందో చెబుతున్నవారు. భూమి మీద ఏం పరవాలో వాళ్లనడిగే ధైర్యం లేక మా ఆటో ముందుకే పోయింది.

మూలము:
2 బై 4 మ్యాట్ ఐవరీ
5 డబ్బాలు, ఒకటే బ్యాచ్
వాపసు లేదు

ప్రతిపదార్థము:

2 బై 4 = రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడవు కలది. నిజానికి టైలు కొలత 600 మిల్లీమీటర్లకు 1200. రెండడుగులంటే దాదాపు 610. అంటే అటొక సెంటీమీటరు, ఇటు రెండు తక్కువ. గణభంగం కాదా అని శంక. అంగట్లో చెల్లునని సమాధానం. ఈ సెంటీమీటరును పాఠకులు గుర్తుంచుకొందురు గాక.

మ్యాట్ = మెరుపు లేనిది. ఈ ఒక్క శబ్దం దగ్గర గంటన్నర గడిచింది. దుకాణందారు ముందు గ్లాసీ చూపించాడు. పైన లైట్లు, కింద మా ముఖాలు. మా ఆవిడ సంచిలోంచి పాత హోమియో సీసా తీసింది. అందులో నూనె. పొట్లంలో పసుపు. గ్లాసీ మీద రెండు చుక్కలు వేసి, చెప్పు విడిచి, మడమతో రాసి చూసింది. కాలు నిలవలేదు. తర్వాత షుగర్ ఫినిష్. పేరు తీపే గానీ గరుకు. పసుపు ఆ గరుకులో దూరి, గుడ్డతో ఎంత తుడిచినా రాలేదు. మూడోది మ్యాట్. కాలు నిలిచింది, మరక పోయింది. దుకాణందారు తన చేతిరుమాలు తానే ఇచ్చాడు. ప్రత్యక్షాన్ని మించిన ప్రమాణం లేదని తార్కికులు.

ఐవరీ = దంతపు రంగు. ఇక్కడ రెండు మతాలు. కింద పడ్డ ఆవగింజ కనపడాలి, కనపడితేనే తుడుస్తాం అని మా ఆవిడ. కనపడకుండా ఉంటే తుడిచే పనే ఉండదు కదా అని మా అమ్మ. వ్యాఖ్యాత ఉభయులతోనూ ఏకీభవించి, టీ తాగడానికి బయటికి వెళ్లెను.

5 డబ్బాలు = డబ్బాకు రెండు చొప్పున పది టైళ్లు. మా వంటగది పదడుగులకు ఎనిమిది. అడుగుల్లో లెక్కవేస్తే నాలుగు వరుసలు, వరుసకు రెండున్నర, వెరసి పది. కర్త లెక్కలో దోషం లేదు. మేస్త్రి చీటీ చూసి నవ్వాడు. "సార్, సగం టైలు పెడితే గోడ కాడ నాలుగు సెంటీమీటర్లు తక్కువొస్తది. వరుసకు మూడు పోతయ్." ఆ గుర్తుంచుకోమన్న సెంటీమీటరు ఇదే. అందువల్ల పన్నెండు. ఇంకో గోడ పక్కన అంగుళం పైచిలుకు మిగిలే సందులోకి కోత ముక్కలు. కోతలో ఒకటి పగలక మానదు గనుక "7 డబ్బాలు" అని మేస్త్రి పాఠాంతరము. మేము దానినే గ్రహించితిమి.

ఒకటే బ్యాచ్ = ఒకే కాల్పులో పుట్టినది. డబ్బా మీద మోర్బీ అని ఉన్నది కావున ఘూర్జర దేశీయము. అదే డిజైను ఇంకో బ్యాచ్‌లో వస్తే రంగు రవ్వంత మారుతుంది. మా పక్క సందులో ఒకరింట్లో ఫ్రిజ్ కింద టైలు మిగతావాటికంటే పాలిపోయి ఉంటుంది. నెల తర్వాత కొన్న ఒక్క డబ్బా ఫలితమది. ఆ ఫ్రిజ్‌ను ఎవరూ జరపరు.

వాపసు = పారశీకము. లేదు = తెలుగు. కావ్యాంతమున ఫలశ్రుతి ఉండవలెను, ఇందు శాపమున్నది.

పూర్వపక్షము: షాబాదు బండకేం తక్కువ అని మా అమ్మ. వేసవిలో చల్లగా ఉంటుంది, పచ్చడి బండ జారిపడినా ఓర్చుకుంటుంది. నిజమే. కానీ అది నూనె తాగుతుంది. పొయ్యి ముందు నల్లగా మెరిసే చోటు మా నాన్నగారి కాలం నాటిది. విట్రిఫైడ్ టైలు బరువులో అర శాతం నీరు కూడా పీల్చదు. దాన్ని రాత్రంతా డ్రమ్ములో నానబెట్టడం వృథా. ఏమీ పీల్చదు కనుకనే ఉత్త సిమెంటును సరిగా పట్టుకోదు. జిగురు సంచులు వేరే కొనాలి. చీటీలో ఆ పద్దు లేదు, అధ్యాహారము. జాయింటు లేకుండా అతికిద్దామన్న మేస్త్రి మాట మాత్రం మేము వినలేదు. ఎండలకు సాగడానికి సందు లేకపోతే టైళ్లు గుడారంలా పైకి లేస్తాయి.

తాత్పర్యము: ఏడు డబ్బాలు వచ్చినవి. కోతలో ఒకటి పగిలినది. ఒకటి మిగిలినది. మా అమ్మ దాన్ని కడిగి ఆరబెట్టి, పెరట్లో అప్పడాలు ఒత్తడానికి కూర్చుంది. రెండు ఒత్తి నన్ను పిలిచింది.

"పిండి అంటుకుపోతోందిరా. ఆ నున్నటిది తేకపోయారా?"