తానీషా కచేరీలో మణుగూరు ఫైలు

టెండరంటే అనుమానం. నామినేషనంటే నమ్మకం. మన ప్రభుత్వాలకు నమ్మకమెక్కువ.

పాల్వంచ దాటి అడవిదారిన మణుగూరు వెళ్తే గోదావరి దగ్గర ఆ నమ్మకం పొగగొట్టాలతో సహా కనిపిస్తుంది. పేరు భద్రాద్రి థర్మల్ కేంద్రం. 270 మెగావాట్ల యూనిట్లు నాలుగు, మొత్తం 1080 మెగావాట్లు. టెండరు పిలవకుండా పని బీహెచ్ఈఎల్‌కు అప్పగించారు. 2015 మార్చిలో శంకుస్థాపన చేసి, రెండేళ్లలో కరెంటన్నారు. పర్యావరణ అనుమతి రాకముందే పనులు మొదలుపెట్టేసరికి హరిత ట్రిబ్యునల్ ఆపమంది. అనుమతి 2017లో వచ్చింది. మొదటి యూనిట్ 2020లో, నాలుగోది 2022 జనవరిలో మొదలయ్యాయి. సర్కారు పంచాంగంలో రెండేళ్లంటే మన క్యాలెండర్‌లో దాదాపు ఏడు.

యంత్రాలేమో సబ్ క్రిటికల్ రకం. అదే కరెంటుకు ఎక్కువ బొగ్గు తింటాయి. 2017 నుంచి మొదలవ్వాల్సిన పంచవర్ష ప్రణాళికలో కొత్త కేంద్రాలన్నీ సూపర్ క్రిటికలే కావాలని కేంద్ర ప్రభుత్వం ముందే చెప్పింది. కొట్టు మూసేముందు పాత సరుకు బేరం మనకు కుదిరింది. కొత్త రాష్ట్రం తెలంగాణకు కరెంటు కొరత ఉంది, అవతలిది ప్రభుత్వరంగ సంస్థే, త్వరగా కడతామన్నారు అని అప్పటి పాలకుల వాదన. వినదగ్గదే. కాకపోతే తొందర కోసం టెండరు మానేస్తే, చివరికి టెండరూ లేదు, తొందరా లేదు.

దీంతోపాటు యాదాద్రి థర్మల్ కేంద్రం, ఛత్తీస్‌గఢ్ కరెంటు కొనుగోలు సంగతి కూడా తేల్చమని 2024లో కొత్త ప్రభుత్వం జస్టిస్ నరసింహారెడ్డి కమిషన్ వేసింది. విచారణ ముగియకముందే ఆయన విలేకరులతో మాట్లాడారు. మాజీ ముఖ్యమంత్రి కేసీఆర్ కోర్టుకెక్కారు. జడ్జిని మార్చమని జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది. తర్వాత వచ్చిన జస్టిస్ మదన్ లోకూర్ అక్టోబరులో నివేదిక ఇచ్చారు. పని ఇవ్వడానికి పోటీ అక్కర్లేకపోయింది గానీ, విచారించడానికి మాత్రం ఇద్దరు కావలసి వచ్చారు.

నాయకుల సంగతి సరే, వాళ్లు ఐదేళ్లకోసారి మన దగ్గరికి రాక తప్పదు. ముప్ఫై ఏళ్లు కుర్చీ దిగని అధికారుల మాటేమిటి? ఏ పెద్ద ఫైలైనా ఇంజనీరు, ఆర్థికం, న్యాయం అన్ని బల్లలూ ఎక్కి దిగుతుంది. ప్రతి బల్ల దగ్గరా ఒకాయన జీతం తీసుకునేది ఒక్క వాక్యం రాయడానికే: ‘ఇది కూడదు, ఎందుకంటే...’ ఆ వాక్యం రాస్తే ఆయన ఏ మారుమూలకో బదిలీ. రాయకపోతే పదోన్నతి. అందుకని ‘ఉత్తర్వుల కోసం సమర్పించడమైనది’ అని పైకి తోసేస్తాడు. పైవాడు ‘చర్చించండి’ అని కిందికి తోస్తాడు. రేపు విచారణలో అందరూ ఒకే సాక్ష్యం చెబుతారు: నేను సంతకమే పెట్టాను, నిర్ణయం నాది కాదు.

ఈ పాల్వంచకే ఒకప్పుడు కంచర్ల గోపన్న తహసీల్దారు. శిస్తు సొమ్ము అనుమతి లేకుండా భద్రాచలం రాముడి గుడికి ఖర్చుపెట్టినందుకు గోల్కొండ సుల్తాను తానీషా పన్నెండేళ్లు చెరలో పెట్టాడంటారు. దర్బారులో మంత్రులు అక్కన్న మాదన్నల చుట్టరికం ఉండి కూడా లాభం లేకపోయింది. ఆ కచేరీలో ఒక సౌకర్యముండేది: ఖర్చుపెట్టినవాడెవరో తెలిసేది. గోపన్న కూడా ‘పైవారి ఆదేశానుసారం’ అని తప్పుకోలేదు. నిజానికి ఆయనకు అంతకంటే పైవాడు ఇంకెవరికున్నాడు? ఆ పైవాడే దిగివచ్చి బాకీ తీర్చాడని కథ.

ఇప్పుడు ఆ బాధ్యత వినియోగదారుడిది. కట్టడం ఆలస్యమైనకొద్దీ అప్పు మీద వడ్డీ పెరుగుతుంది, పెరిగింది ప్రాజెక్టు వ్యయంలో కలుస్తుంది, వ్యయం కరెంటు ధరలోకి దిగుతుంది. కాబట్టి డిస్కంలకు చిన్న మనవి. నెలనెలా ఇచ్చే బిల్లు మీద మన పేరు, సర్వీసు నంబరు ఎలాగూ వేస్తున్నారు. పక్కనే కాస్త చోటు చూసి, ఫైలు మీద సంతకం పెట్టినవారి పేర్లు, అభ్యంతరం రాయాల్సి ఉండీ రాయనివారి పేర్లు కూడా అచ్చు వేయించండి. బిల్లు గడువు దాటితే మనకు జరిమానా పడుతోంది. ప్రాజెక్టు గడువు దాటినా మనకే పడుతోంది.