వలస అంటే వచ్చి ఉండిపోవడం

మా ఊరి పేరు చివర 'వలస' అని ఉంటుంది. పూర్తి పేరు రాయను. రాస్తే మా వాళ్ళు ఫోన్లు చేసి తిడతారు. అయినా రాయక్కర్లేదు. కొత్తవలస, చింతలవలస, జొన్నవలస, మడ్డువలస, ఆమదాలవలస... విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో కళ్ళు మూసుకుని రాయి విసిరితే ఏదో ఒక వలసలో పడుతుంది. అందులో ఒకటి మాది అనుకోండి.

మొన్న సంక్రాంతికి హైదరాబాదు నుంచి వచ్చిన మా మనవడు ఊరి మొగలో బోర్డు చదివి, "తాతా, ఇక్కడ అందరూ వలసెళ్ళిపోయారని ఆ పేరు పెట్టారా?" అని అడిగాడు. నాకు నవ్వు రాలేదు. వాడి తప్పేముంది? పుట్టిన దగ్గర్నుంచి పేపర్లో, టీవీలో ఉత్తరాంధ్ర పక్కన వలస అన్న మాటని ఒకే అర్థంలో విన్నాడు. "ఎల్లిపోడం కాదురా బాబూ, వొచ్చి ఉండిపోడం" అన్నాను. వాడు నమ్మలేదు. ఈ సణుగుడంతా వాడిని నమ్మించడానికే.

'మా రోజుల్లో' అని మొదలుపెడితే మా ఆవిడ లేచి వంటింట్లోకి పోతుంది. అందుకని నా రోజులకంటే వెనక్కి వెళ్తాను. మా తాత చెప్పేవాడు: నాగావళి అవతల ఎక్కడో కరువొచ్చో, శిస్తు కట్టలేకో, నాలుగు కుటుంబాలు ఎడ్లబళ్ళ మీద ఇటు వచ్చాయట. వచ్చినవాళ్ళు వెంటనే గోడలు లేపలేదు. మామిడితోపులో తాటాకు పందిళ్ళు వేసుకుని ఒక వానాకాలమంతా నీళ్ళను చూస్తూ కూర్చున్నారట. కొండ మీద పడ్డ వాన ఏ గెడ్డలోకి దిగుతోంది, ఎక్కడ నిలుస్తోంది, ఎక్కడ రెండో రోజుకే ఆరిపోతోంది, ఇదే వాళ్ళ పని. నీళ్ళు నిలిచేచోట గట్టు వేసి చెరువు చేశారు. దాని దిగువన పల్లం పొలం. త్వరగా ఆరిపోయే గరువు మీద ఊరు. ఊరికీ పొలానికీ మధ్య కళ్ళాలు, పశువుల సాలలు. తాగే నీళ్ళకి చెరువుగట్టు వారన నుయ్యి. చెరువులో నీళ్ళున్నన్నాళ్ళూ ఊట తగ్గదు. ఇదంతా అయ్యాకే ఇళ్ళు.

నీళ్ళు ముందు, ఇల్లు తరవాత. ఊరు పుట్టిన వరస ఇది. ఆ వరస తిరగబడిందన్నదే నా గోల.

ఇది పల్లెల సంగతే అనుకోకండి. విజయనగరం కోటకి 1713లో విజయదశమి నాడు శంకుస్థాపన చేశారంటారు. రాజుగారి పేరులో విజయం, రోజులో విజయం, ఊరి పేరులో విజయం. సరే, కానీ ఊరు పెరిగింది విజయం చుట్టూ కాదు, పెద్దచెరువు, అయ్యకోనేరు, బుచ్చన్న కోనేరుల చుట్టూ. పైడితల్లి అమ్మవారి విగ్రహం దొరికింది ఆ పెద్దచెరువులోనే. ఊరి దేవత చెరువులోంచి లేచి వచ్చిందని చెప్పుకున్నారంటే, ఊరు దేనివల్ల బతుకుతోందో ఆ కాలం వాళ్ళకి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదన్నమాట. సిరిమానోత్సవం నాడు లక్షల మందిమి మూడు లాంతర్ల దగ్గర్నుంచి కోట దాకా తోసుకుంటూ నిలబడి దణ్ణం పెడతాం. ఆ తల్లి పుట్టినింటి గట్టెక్కి, నీళ్ళు ఎలా ఉన్నాయో చూసేవాళ్ళు ఎందరు?

ఇక వీధి. మన వైపు పాతకాలం ఊళ్ళు చూసినవాళ్ళకి తెలుసు, వీధంటే రైలుబండి. ఇంటికీ ఇంటికీ మధ్య ఒకటే గోడ. ముందు అరుగు, లోపల సావిడి, దాని వెనక వంటిల్లు, ఆ వెనక పెరడు. ఇల్లు సన్నగా పొడుగ్గా లోపలికి పోతుంది. అరుగులన్నీ కలిసిపోయి, ఈ కొసన ఎక్కితే ఆ కొసన ఉన్న రామకోవెల దాకా తల తడవకుండా వెళ్ళిపోయేవాళ్ళం. ఎవరింట పెళ్ళయినా వీధి అరుగులన్నీ విస్తళ్ళే. ఇళ్ళు ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి కాబట్టే పొలం మిగిలింది. ఊరు పరుచుకుపోకూడదు, చిక్కగా ఉండాలి, పనులన్నీ నడిచి చేసుకునేలా ఉండాలని ఇప్పుడు పట్టణ ప్రణాళికల వాళ్ళు దేశదేశాల్లో సభలు పెట్టి చెబుతున్నారు. 2015లో ఐక్యరాజ్య సమితి పెట్టుకున్న 17 లక్ష్యాల్లో పదకొండోది ఇదే: నగరాలూ జనావాసాలూ సుస్థిరంగా ఉండాలని. మా నాయనమ్మకి 'సుస్థిర' అన్న మాట తెలీదు. బియ్యం కడిగిన నీళ్ళు కుడితిలోకి, పేడ పెంటకుప్పలోకి, పెంట పొలంలోకి పోవాలని మాత్రం తెలుసు. ఎండాకాలం చెరువు ఎండితే, ఇంటికో బండి కట్టి అడుగుమట్టి తవ్వి పొలాలకి తోలేవాళ్ళు. చేనుకి సత్తువ, చెరువుకి లోతు. ఒకే పలుగుదెబ్బకి రెండు పనులు.

ఇంతవరకూ రాసి మా ఆవిడకి చదివి వినిపించాను. "అయిందా? మీ వీధి తగలబడిపోయిన సంగతి రాయరేటి?" అంది.

రాయాలి. నాకు ఏడేళ్ళప్పుడు, వైశాఖంలో, మిట్టమధ్యాహ్నం, ఎవరింటి పొయ్యిలో నిప్పురవ్వో గాలికి లేచింది. తాటాకు కప్పులు ఒకదాన్నుంచి ఒకటి అంటుకుని గంటలో వీధికి వీధి బూడిదయింది. మట్టి మెత్తిన అటక మీద ఏం పడినా కిందికి మంట దిగదు కాబట్టి ధాన్యం, ఇత్తడి సామాను మిగిలాయి. కప్పు మాత్రం ఒక్క ఇంటికీ మిగల్లేదు. "మరి ఆ నూతిలో నీళ్ళు రోజుకి ఎన్ని బిందెలు మోసేవాళ్ళమో, అదీ రాయండి. తెల్లారకముందే చెరువుగట్టుకి ఎందుకు పోవాల్సొచ్చేదో అదీ రాయండి" అంది. అదీ రాశాను. ఆవిడ అడగనిది ఒకటుంది, అది నేనే రాయాలి. ఆ అరుగుల మీద తల తడవకుండా నడిచింది అందరూ కాదు. ఊరికి ఎడంగా, పల్లంలో, వానొస్తే ముందు మునిగేచోట పేట ఉండేది. వాళ్ళకి ఆ అరుగు లేదు, ఆ నుయ్యి లేదు. నీళ్ళు ఎటు పోతాయో అంత బాగా లెక్కేసిన పెద్దలు, ఆ నీళ్ళ దారిలో ఎవరిని ఉంచాలో కూడా లెక్కేశారు. కాబట్టి మా రోజులు తిరిగి రావాలని నేను కోరుకోవడం లేదు. ఆ లెక్క తెలిసిన బుర్ర తిరిగొస్తే చాలు.

సముద్రం ఒడ్డు పల్లెల్లో ఆ బుర్ర ఇంకా బాగా పనిచేసింది. అక్కడ చుట్టిళ్ళు కట్టేవాళ్ళు. గుండ్రటి మట్టిగోడ, పైన గొడుగులా దిగిన తాటాకు కప్పు; చూరు ఎంత కిందికంటే వంగి దూరాలి. గాలికి కొట్టడానికి మూల దొరకదు, చుట్టూ జారి పోతుంది. ఇప్పుడు అక్కడ కూడా నలుచదరం ఇళ్ళే, పైన రేకులు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాన్లు వచ్చినప్పుడు ఆ రేకులు కాగితాల్లా ఎగిరాయి. తిత్లీకి ఉద్దానంలో తాతలు నాటిన కొబ్బరిచెట్లు వరసలు వరసలుగా పడుకున్నాయి. చుట్టిల్లే మళ్ళీ కట్టుకోమనను. కాంక్రీటు స్లాబు మంచిదే, తుపాను షెల్టరు ప్రాణం కాపాడుతుంది. గాలి ఎటునుంచి వస్తుందో ఇల్లు కట్టేవాడికి తెలిసుండాలంటాను, అంతే.

ఊళ్ళు ఎప్పుడూ ఒకేలా ఉండవని నాకూ తెలుసు. వంశధార ఒడ్డున శాలిహుండం కొండ మీద బౌద్ధస్తూపాలున్నాయి. ఒకప్పుడు అక్కడ ఎంత సందడి ఉండి ఉంటుందో, ఇప్పుడు గాలే తిరుగుతోంది. నది సముద్రంలో కలిసేచోట కళింగపట్నం ఓడరేవుగా వెలిగింది. ఇప్పుడు దీపస్తంభం, పిక్నిక్కులు. 1890ల్లో రైలుమార్గం వేసినప్పుడు అది శ్రీకాకుళం పట్నంలోకి రాలేదు, ఆమదాలవలస మీదుగా పోయింది. ఇవాళ్టికీ స్టేషను పేరు శ్రీకాకుళం రోడ్డు, దిగేది ఆమదాలవలసలో. బైలదిల్లా ఇనుపరాయి కోసం కిరండూల్ దాకా లైను వేస్తే కొత్తవలస జంక్షనయింది. వచ్చి ఉండిపోయినవాళ్ళ వలసలే స్టేషన్లయ్యాయి. ఆ స్టేషన్ల నుంచే తరవాత మనవాళ్ళు బయల్దేరారు.

మొదట్లో ఓడల మీద 'రంగం' పోయేవాళ్ళు. రంగూన్‌ని మా పెద్దలు అలాగే అనేవాళ్ళు. 1942లో జపానువాళ్ళు దాన్ని పట్టుకున్నాక అడవులకడ్డంబడి నడిచివచ్చినవాళ్ళ కథలు వింటూ పెరిగాం. అప్పటికీ ఇప్పటికీ ఒక తేడా చెప్తాను. రంగం పోయినవాడు నాలుగు డబ్బులతో తిరిగొస్తే చెరువు కింద అరెకరం కొనేవాడు. కొన్నాక చెరువు బాగోగులు వాడి బాగోగులయ్యేవి. ఇప్పుడు విశాఖ, హైదరాబాదు, చెన్నై పోయినవాడు అరెకరం కొనడు. ప్లాటు కొంటాడు.

ఎంతమంది పోయారో 2011 జనాభా లెక్కలే చెబుతాయి. వెయ్యిమంది మగవాళ్ళకి శ్రీకాకుళం జిల్లాలో 1015 మంది ఆడవాళ్ళు, విజయనగరంలో 1019 మంది. ఆడపిల్లలకి మర్యాద ఎక్కువై పెరిగిన లెక్క కాదిది. మగవాళ్ళు ఊళ్ళో లేని లెక్క కూడా ఇందులో ఉంది. పోయినవాళ్ళు ఏం చేస్తున్నారు? ఊళ్ళు కడుతున్నారు, ఇంకొకళ్ళవి. 2014 జూన్ 28న చెన్నై శివార్లలో మౌలివాక్కం దగ్గర కట్టుబడిలో ఉన్న 11 అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. అందులో మన రెండు జిల్లాల కూలీలు ఎందరో. ఇల్లొదిలి పోయినవాడు ఇంకొకడి ఇంటి కింద పడి పోయాడు. ఆ వారం మన వైపు ఊళ్ళకి వచ్చిన అంబులెన్సుల చప్పుడు నేను మర్చిపోలేను.

ఇక మా చెరువు. పిల్లలు పోయాక పొలం చేసేవాళ్ళు తగ్గారు. పొలం తగ్గాక మదుము తలుపు పట్టించుకునే మనిషి లేడు. అడుగుమట్టి తోలే బళ్ళూ లేవు, ఎడ్లూ లేవు. చెరువులోకి నీళ్ళు తెచ్చే గెడ్డ పక్క మెరక భూమిని ఎవరో కొన్నారు. ఎర్రమట్టి పోశారు, రంగురంగుల రాళ్ళు పాతారు, ఆర్చి కట్టారు, ఆర్చికి ఒక ఇంగ్లీషు పేరు పెట్టారు. గెడ్డని రెండడుగుల సిమెంటు గొట్టంలో దూర్చి పైన రోడ్డు వేశారు. ప్లాట్లు ఎవరు కొన్నారు? పోయినవాళ్ళే కొన్నారు. దూరాన చెమటోడ్చి పంపిన డబ్బుతో, ఏనాటికైనా తిరిగొస్తామన్న ఆశతో. ఊరిమీద ప్రేమే ఊరి చెరువు గొంతు నొక్కింది. ఇందులో విలన్‌ని వెతకాలంటే నేను అద్దంలో చూసుకోవాలి. నా రిటైర్మెంటు డబ్బుతో నేనూ అందులో రెండొందల గజాలు కొన్నాను.

కొనేటప్పుడు ఏం చూశాను? తూర్పు ముఖం ఉందా, వీధిపోటు ఉందా, హైవే ఎన్ని నిమిషాలు. వాస్తు సిద్ధాంతిని బస్సు ఛార్జీలిచ్చి పిలిపించాను. గృహప్రవేశం అయింది. ఆ ఏడు ఆషాఢంలో ఒక రాత్రి గట్టి వాన పడింది. గెడ్డ తన పాత దారి వెతుక్కుంటూ మా గేటులోంచి వచ్చింది. ఎండాకాలం చెరువు బోసి, వానాకాలం ఇంట్లో చెరువు. తాగడానికి మాత్రం రోజూ ఇరవై లీటర్ల క్యాను కొంటున్నాం.

నీళ్ళ చోటుని ఖాళీ చోటు అనుకోవడం నాతో మొదలవలేదు. సోంపేట దగ్గర బీల భూములున్నాయి. ఏడాదిలో ఎక్కువ రోజులు చిత్తడిగా ఉండి, చుట్టుపక్కల పొలాలకీ పశువులకీ చేపలకీ ఆధారం. కాగితాల్లో పనికిరాని భూమి అని రాసి, థర్మల్ కేంద్రం పెడతామన్నారు. జనం కాదన్నారు. 2010 జులై 14న కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. కేంద్రం రాలేదు, బీల మిగిలింది. అక్కడి రైతులూ మత్స్యకారులూ చదివింది మా తాతలు చదివిన పుస్తకమే. నేను బడిపంతులుగా ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పి, ఆ ఒక్క పుస్తకం చదవలేదు.

మా మనవడికి ఇదంతా చెప్పాను. "అయితే తాతా, నువ్వు వచ్చి ఉండిపోయావు కదా, నీదీ వలసే" అన్నాడు. వాడికి అర్థమైందనే అనుకుంటున్నాను.

ఇది చదివేవాళ్ళలో సొంతూళ్ళో చోటు కొనుక్కుందామని చూస్తున్నవాళ్ళుంటారు. కొనండి, తప్పకుండా రండి. సిద్ధాంతిని తరవాత పిలవొచ్చు. ముందు ఆ ఊళ్ళో పశువులు కాసిన ముసలాయన ఎవరైనా బతికున్నాడేమో కనుక్కుని, ఆయన్ని ఆ స్థలంలో నిలబెట్టి, "తాతా, వానొస్తే ఇక్కడ నీళ్ళు ఎటు పోతాయి?" అని అడగండి. నేను ఆ ఒక్క ప్రశ్న అడగలేదు. నమ్మకం లేకపోతే జులైలో మా ఇంటికి రండి. చెప్పులు మాత్రం గుమ్మంలో విడవకండి, తేలి పెరట్లోకి పోతాయి.