మా ఇంటి రక్షణ బడ్జెట్

పెట్రోలు ధర పెరిగిన సంగతి విజయవాడ పటమటలో అందరికన్నా ముందు మా ఆవిడకే తెలుస్తుంది. పేపరు రానక్కర్లేదు, నా మొహం చాలు. ఆ మొహానికి కారణం మా డాబా ముందు సగం వీధిని ఆక్రమించి నిలబడి ఉంటుంది. పేరు నిస్సాన్ వన్ టన్. ఒకప్పటి ఉద్యోగం భారత సైన్యంలో.

నేను జూనియర్ కాలేజీలో అర్థశాస్త్రం చెబుతాను. ఈ ముక్క నేనే ముందు చెప్పెయ్యడం మంచిది. అవకాశ వ్యయం, క్షీణోపాంత ప్రయోజనం అని బోర్డు మీద సుద్దముక్కతో రాసే మనిషి, సైన్యం వద్దనుకున్న ట్రక్కు ఎందుకు కొన్నాడా అని మా స్టాఫ్ రూములో ఇప్పటికీ చర్చ నడుస్తూనే ఉంది. వాళ్లకి సిద్ధాంతం తెలుసు గాని ట్రక్కు తెలియదు.

సైన్యం తన బండిని ఊరికే వదులుకోదు. అధికారులు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, చివరికి కాగితం మీద ‘బీఈఆర్’ అని రాస్తారు. బియాండ్ ఎకనామికల్ రిపేర్. బాగుచేయించినా గిట్టుబాటు కాదని అర్థం. ఈ మాట అంటున్నది ఎవరు? దేశమంతా వర్క్‌షాపులు, వేలమంది మెకానిక్కులు ఉన్నవాళ్లు. 2025-26లో మన రక్షణ శాఖకి ఇచ్చింది 6.81 లక్షల కోట్ల రూపాయలు. అంత డబ్బున్నవాళ్లు ‘మావల్ల కాదు’ అని చేతులెత్తేసిన బండిని, ఒకటో తారీకు జీతానికి ముప్ఫయ్యో తారీకు దాకా ఎదురుచూసే మనిషి ‘నేను చూసుకుంటాలెండి’ అని ఇంటికి తోలుకొస్తాడు. దీన్ని మా ఆవిడ వేరే పేరుతో పిలుస్తుంది గాని, నా లెక్కలో ఇది దేశభక్తే.

ఇలాంటి బండ్ల వేలాలు ఎమ్మెస్టీసీ అనే ప్రభుత్వ సంస్థ చూస్తుంది. 1964లో పాత ఇనుము వ్యాపారం కోసం పుట్టింది. ఇప్పుడు పాటంతా ఆన్‌లైన్లోనే. ధరావతు కట్టాలి, గడువులోగా సరుకు ఎత్తుకెళ్లాలి, లేకపోతే నేలద్దె. అన్నిటికన్నా ముఖ్యమైన షరతు: సరుకు ఎక్కడున్నది అక్కడే, ఎలా ఉన్నది అలాగే. తరవాత వచ్చి ‘గేర్‌బాక్సు లేదేమిటండీ’ అని అడక్కూడదు. లేకపోవడం కూడా ‘ఎలా ఉన్నది’ కిందకే వస్తుంది. పైగా సరుకు లాట్ల లెక్కన అమ్ముతారు. నాలాంటివాడికి ఒక్క బండి చాలు. కాబట్టి లాటు మొత్తం పాడుకున్న డిస్పోజల్ వ్యాపారి దగ్గరికెళ్లి ఏరుకోవాలి. నాకు అమ్మినాయన బానెట్ మీద చెయ్యేసి, ‘సార్, ఇది కార్గిల్లో తిరిగిన బండి’ అన్నాడు. పక్కదాని సంగతేమిటన్నాను. అదీ కార్గిలేనట. ఆ యార్డులో కార్గిల్ చూడనిది కాపలా కుక్క ఒక్కటే.

అసలు ఈ ట్రక్కు వంశవృక్షమే గమ్మత్తు. అమెరికా సైన్యం డాడ్జి ట్రక్కుని తలపించేలా జపాన్ నిస్సాన్ వాళ్లు ఒకటి తయారుచేశారు. దాన్ని లైసెన్సు మీద మనవాళ్లు జబల్‌పూర్‌లో కట్టారు. అదే జబల్‌పూర్‌లో అంతకుముందే, కృష్ణ మీనన్ రక్షణ మంత్రిగా ఉండగా, 1959లో జర్మనీ మాన్ కంపెనీ నమూనాతో శక్తిమాన్ ట్రక్కు బయటికొచ్చింది. ఆ రోజుల్లోనే ఆయుధ కర్మాగారాలు కాఫీ పర్కొలేటర్లు కూడా చేస్తున్నాయని మీనన్‌ని చాలామంది ఆడిపోసుకున్నారు. మా బండి పక్కన నిలబడినప్పుడల్లా నాకు ఆ పర్కొలేటర్లే మంచి కొనుగోలేమో అనిపిస్తుంది. కనీసం కాఫీ వచ్చేది.

ఇంజను ఆరు సిలిండర్లు, 3,956 సీసీ, పెట్రోలు. జోంగా జీపులో ఉండేదీ ఇదే. పక్కింటాయన కారు ఇంజన్లు మూడు కలిపితే మాది ఒక్కటి. మైలేజీ లీటరుకి నాలుగు కిలోమీటర్లు, అదీ గాలి అనుకూలంగా ఉంటే. బెంజ్ సర్కిల్ దాకా వెళ్లి కొత్తిమీర తెమ్మంటే కట్ట పది రూపాయలు, రవాణా వ్యయం నూటికి పైన. మా ఆవిడ ఒకరోజు గుమ్మంలో నిలబడి తీర్పిచ్చేసింది: ‘ఏవండీ, దీనికన్నా బర్రె నయం. అదీ ఇలాగే తాగుతుంది గాని పొద్దున పాలిస్తుంది.’ నేను అర్థశాస్త్రంలో ఎమ్మే. ఈ వాదానికి జవాబు ఇప్పటిదాకా ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

రిజిస్ట్రేషను ఘట్టం వేరు. సైన్యంలో ఉన్నంతకాలం ఈ బండ్లకి రవాణా ఆఫీసుతో పనిలేదు. పైకి చూస్తున్న బాణం గుర్తు, ఏడాది అంకెలు వేసుకుని, తమ నంబరుతో తాము తిరుగుతాయి. పౌరజీవితంలోకి వచ్చాక మాత్రం అందరితోపాటు క్యూలో నిలబడాల్సిందే. సైన్యం అధికారి ఇచ్చిన ఫారం 21 అమ్మకపు పత్రం కావాలి. దరఖాస్తు ఫారం 20లో బండి కొత్తదా, మాజీ సైనిక వాహనమా, దిగుమతిదా అని అడుగుతారు. మధ్యదాని దగ్గర టిక్కు పెట్టాను. కౌంటర్లో గుమాస్తాగారు కళ్లజోడు పైకి తోసి, ‘ఇన్నేళ్ల సర్వీసులో ఈ గడి నిండగా చూడలేదండీ’ అని వెనక బల్లల వాళ్లని కూడా పిలిచి చూపించారు. ఆ రోజు నా ఫైలుకి జరిగిన మర్యాద నాకు పెళ్లిలో జరగలేదు.

ఆ మర్యాద రంగు దగ్గర ఆగిపోయింది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లో 121వది చదవండి: రక్షణ శాఖ బండ్లకి తప్ప ఆలివ్ పచ్చ ఇంకెవరికీ చెల్లదు. నేను ట్రక్కు కొన్నదే ఆ రంగు చూసి! ఆటోనగర్లో పెయింటరుతో కూర్చుని ఆలోచించాం. తెలుపు వేస్తే పాలవ్యాను, ఎరుపు వేస్తే ఫైరింజను, పసుపు వేస్తే బడి బస్సు. చివరికి నీలం వేయించాను. ఇప్పుడు వేసవి వస్తే వీధిలో ఆడవాళ్లు బిందెలు తెచ్చి దాని వెనక వరస కడుతున్నారు.

ఆ పెయింటరే వెనక యాక్సిల్ దగ్గర దూరి, ‘సార్, ఇక్కడెవరో దిష్టిచుక్క పెట్టారు, చెరిపెయ్యనా?’ అని అడిగాడు. నిజంగానే అక్కడ గుండ్రటి డిఫరెన్షియల్ మీద తెల్లరంగు, పైన చిన్న బల్బు. సైన్యం చీకట్లో లైట్లార్పేసుకుని వరసగా వెళ్లేటప్పుడు, వెనకవాడు ముందు బండి కింద ఆ తెల్ల చుక్కని చూసుకుంటూ తోలతాడట. శత్రువుకి కనపడదు, మనవాడికి కనపడుతుంది. ఉంచెయ్యమన్నాను. దిష్టికి కూడా పనికొస్తుంది.

ఈ చుక్క రహస్యం చెప్పింది మా వీధిలో ఉండే మాజీ హవల్దారుగారు. వారి సొంతూరు తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం. మిలటరీ మాధవరం అంటారే, మొదటి ప్రపంచ యుద్ధం నాటినుంచీ సైన్యానికి మనుషుల్ని పంపుతున్న ఊరు, అదే. సికింద్రాబాదు ఈఎంఈ సెంటర్లో పని నేర్చుకుని, సర్వీసంతా ఇలాంటి బండ్ల కిందే గడిపారు. మా ట్రక్కు దిగిన రోజున ఆయన కళ్లు చెమర్చాయి. మర్నాడు పొద్దున్నే వచ్చి తలుపు కొట్టారు.

‘మాస్టారూ, ఫస్ట్ పెరేడ్ అయిందా?’

బండి తీసేముందు ఫస్ట్ పెరేడ్: ఆయిలు, రేడియేటర్లో నీళ్లు, బ్యాటరీ, గాలి, నట్లు అన్నీ చూడాలి. దారిలో ఆగితే హాల్ట్ పెరేడ్. ఇంటికొచ్చాక లాస్ట్ పెరేడ్. కొత్తిమీర కట్టకి మూడు పెరేడ్లన్నమాట. ‘మరి రిపేరొస్తేనో?’ అన్నాను ఆశగా. ఆయన ఇంజన్లోకి తొంగిచూసి తల అడ్డంగా ఊపారు. ‘ఇది మన స్థాయిలో అయ్యేది కాదు మాస్టారూ. బేస్ వర్క్‌షాపుకి పంపండి.’ పంపడానికి ఇక్కడ ఎవరున్నారు? సైన్యంలో ఈ ట్రక్కుకి డ్రైవరు ఒకడు, మెకానిక్ ఒకడు, సామాను ఇచ్చే డిపో ఒకటి, పెట్రోలు లెక్క రాసేవాడు ఒకడు. మా ఇంట్లో వాళ్లంతా నేనే. రక్షణ బడ్జెట్ కూడా నేనే. పార్లమెంటు మాత్రం మా ఆవిడ. అనుబంధ పద్దులు అసలు పాస్ చెయ్యదు.

ఆటోనగర్ మేస్త్రీది ఇంకో సిద్ధాంతం. ‘ఈ పెట్రోలు గుండె తీసి పారేసి డీజిల్ ఇంజను దింపేద్దాం సార్, ఏ లారీదైనా సరిపోతుంది.’ ఆటోనగర్ వాళ్లు అనుకుంటే దేనికైనా ఏదైనా బిగిస్తారు, అందులో నాకు సందేహం లేదు. కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చడానికి వీల్లేదని 2019లో సుప్రీంకోర్టు చెప్పిందయ్యా అన్నాను. ‘సుప్రీంకోర్టు ఢిల్లీలో కదండీ’ అన్నాడు. అదే ఏడాది ధోనీ రాంచీలో ఇలాంటి పాత మిలిటరీ నిస్సాన్ తోలుతూ కనబడ్డాడని వార్తలొచ్చాయి. వీధి పిల్లలు మా బండికి ధోనీ బండి అని పేరు పెట్టారు. ఓ కుర్రాడు ఆటోగ్రాఫ్ కూడా అడిగాడు, బండిని కాదు, నన్నే. పెట్టాను.

దీని ఉపయోగమేమిటని అడిగేవాళ్లకి బుడమేరు వరద సంగతి చెబుతుంటాను. 2024 సెప్టెంబరు 1న సింగ్‌నగర్ మునిగినప్పుడు, ఎత్తయిన బండి అంటే వీధివాళ్లకి మొదట గుర్తొచ్చింది మాదే. పాల ప్యాకెట్లు, నీళ్ల సీసాలు, రొట్టెలు ఎత్తారు. హవల్దారుగారు నా పక్కన కూర్చున్నారు. ఫ్లైఓవర్ దిగి నీళ్లలోకి వెళ్తుంటే మేడల మీదనుంచి జనం ‘ఆర్మీ వచ్చింది, ఆర్మీ వచ్చింది’ అని చేతులూపారు. నేను కూడా కాస్త నిటారుగా కూర్చున్నాను. సరిగ్గా అక్కడ ఇంజను ఆగిపోయింది.

హవల్దారుగారు నిదానంగా చెప్పారు: ‘నీళ్లలో దిగేముందు ఫ్యాన్ బెల్టు తీసెయ్యాలి మాస్టారూ. లేకపోతే ఫ్యాను నీళ్లు చిమ్మి డిస్ట్రిబ్యూటరు తడిసిపోద్ది.’ ముందు చెప్పలేదేమండీ అన్నాను. ‘మీరు ఆర్డరివ్వలేదు’ అన్నారు. పక్కనుంచి డీజిల్ ట్రాక్టరొకటి మమ్మల్ని దాటుకుంటూ పోయింది. దాని మీద కుర్రాళ్లు మర్యాదగానే నవ్వారు.

కానీ ఒకటి. నడుం లోతు నీళ్లలో కదలకుండా, ఒరగకుండా, ఎత్తయిన ట్రాలీతో నిలబడ్డ వస్తువు ఆ సందు మొగలో అదొక్కటే. ట్రాక్టర్లు తెచ్చిన సరుకు మా ట్రక్కులోకి దించారు. పడవలొచ్చి దానికి ఆనుకుని నిలబడి, సందుల్లోకి మోసుకెళ్లాయి. సాయంత్రం దాకా పాలు, మందులు, అన్నం పొట్లాలు అన్నీ దాని మీదనుంచే వెళ్లాయి. అంతసేపూ చుక్క పెట్రోలు తాగలేదు. నేను కొన్నాక అది అంత పొదుపుగా పనిచేసిన రోజు ఇంకోటి లేదు.

తడిసిన డిస్ట్రిబ్యూటరు మూత తరవాత బీట వేసింది. రాణీగంజ్ గాలించాను, ఢిల్లీ మాయాపురికి కూడా ఫోన్లు చేశాను. అందరూ వచ్చే వారమే అంటారు. అందుకని పాఠకులకి ఒక విన్నపం. మీ పెరట్లోనో, మీ తాతగారి పాత షెడ్డులోనో నిస్సాన్ ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజను డిస్ట్రిబ్యూటరు మూత పడి ఉంటే దయచేసి పత్రిక ద్వారా ఒక ఉత్తరం ముక్క రాయండి. ధర మీరు చెప్పిందే. ఉత్తరం మాత్రం మా కాలేజీకి పంపండి, ఇంటికి వద్దు.